కాంట్రాక్టరు పనిలో మీ కారు దెబ్బతింటే: పరిహారానికి ఏ దారి మేలు?

అపార్ట్‌మెంటుకు బయటి రంగులు వేయిస్తుంటే కింద పార్కింగులో ఉన్న కారు మీద పెయింటు తుంపరలు పడ్డాయి. పక్క ప్లాటులో స్లాబు వేస్తుంటే సిమెంటు నీళ్లు కారి బానెట్ మీద గట్టిపడ్డాయి. పరంజా గొట్టం జారి ముందు అద్దం పగిలింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో ఏదో ఒక వీధిలో ఎప్పుడూ కట్టుబడి పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఇలాంటివి తరచుగా వింటూనే ఉంటాం.

జరిగిన వెంటనే చుట్టూ ఉన్నవాళ్లు తలో మాట చెబుతారు. ఇన్సూరెన్స్ ఉంది కదా, క్లెయిమ్ చేసేయమని ఒకరు, స్టేషన్‌లో కంప్లయింట్ ఇవ్వమని ఇంకొకరు, కన్స్యూమర్ కోర్టుకు లాగమని మరొకరు. మూడూ కొన్ని సందర్భాలకు సరిపోతాయి. కానీ మీ సందర్భానికి సరిపోని దారి పట్టుకుంటే డబ్బూ పోతుంది, నెలల తరబడి టెన్షన్ కూడా. చిన్న నష్టానికి సొంత బీమా వాడుకోవడం చాలాసార్లు దండగ. పెద్ద నష్టానికి కాంట్రాక్టరు మాట నమ్మి నెలలు ఎదురుచూడటం అంతకంటే దండగ. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో మీ పాలసీ కాగితం చూసి మీరే లెక్క వేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. కాంట్రాక్టరు సైటులో ఉండి, అతనికి ఇంకా బిల్లు రావాల్సి ఉన్నంత కాలమే మీ మాటకు బలం ఎక్కువ.

ముందుగా తేల్చుకోవాల్సినవి

కాంట్రాక్టరును ఎవరు పెట్టుకున్నారన్నది మొదటి ప్రశ్న. మీ ఇంటి పనికి మీరే పిలిచారా, అసోసియేషన్ పిలిచిందా, పక్కింటివాళ్లా, లేక మున్సిపాలిటీ పనా? వినియోగదారుల కమిషన్ తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది దీన్నిబట్టే ఉంటుంది.

రెండోది, కారుకు తగిలింది పని వల్లా, వాహనం వల్లా? రంగు, ఇటుక, రాడ్డు పడితే ఒక దారి. కాంట్రాక్టరు టిప్పరో జేసీబీయో వచ్చి గుద్దితే చట్టం పూర్తిగా వేరు.

మూడోది మీ పాలసీ రకం. ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే ఇచ్చే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ కారు రిపేరుకు అందులోంచి పైసా రాదు. కాంప్రహెన్సివ్ పాలసీ గానీ, విడిగా తీసుకున్న ఓన్ డ్యామేజ్ పాలసీ గానీ ఉంటే బయటి నుంచి అనుకోకుండా తగిలిన దెబ్బకు కవరేజీ ఉంటుంది. జీరో డిప్రిసియేషన్ (భాగాల తరుగుదల కోయకుండా ఇచ్చే కవరేజీ) ఉందా, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏడాదులకు ప్రీమియంలో తగ్గింపు) ఎంత శాతం నడుస్తోంది, దాన్ని కాపాడే యాడ్ఆన్, అంటే అదనపు కవరేజీ ఉందా అన్నవి పాలసీ మొదటి పేజీల్లోనే కనిపిస్తాయి.

నాలుగోది నష్టం విలువ. దీనికి రెండు ఎస్టిమేట్లు తీసుకోండి. ఒకటి కంపెనీ సర్వీస్ సెంటరు నుంచి, ఒకటి బయటి మంచి షెడ్డు నుంచి. కాంట్రాక్టరు ఎక్కువ రాయించారని వాదిస్తే రెండో కాగితం పనికొస్తుంది.

ఇంకో చిన్న సంగతి. ఆర్‌సీ ఎవరి పేరున ఉందో వాళ్లే క్లెయిమ్ చేయాలి, నోటీసూ వాళ్ల పేరుతోనే వెళ్లాలి. ఆఫీసు ద్వారా లీజుకు తీసుకున్న కారైతే ఓనరు లీజింగ్ కంపెనీ కాబట్టి వాళ్లకు ముందు చెప్పకుండా ఎవరితోనూ రాజీ కుదుర్చుకోకండి. పిల్లలు విదేశాల్లో ఉండి ఇక్కడ అమ్మానాన్నలు కారు వాడుతున్న ఇళ్లలో కూడా ఆర్‌సీ పేరు ఒకసారి చూసుకోవాలి.

ఏ దారిలో వెళ్లినా మొదటి రోజు చేయాల్సిన పని

కారు కదపకముందే ఫొటోలు, వీడియో తీయండి. కారు ఒక్కటే కాకుండా పైన జూలా (తాళ్లతో వేలాడదీసిన పలక) మీద పనిచేస్తున్న మనుషులు, పరంజా, పక్క కార్ల మీద పడ్డ అవే తుంపరలు, డబ్బా మీద ఉన్న రంగు పేరు కూడా ఫ్రేములోకి రావాలి. నంబర్ ప్లేటు కనిపించే ఫొటో ఒకటైనా ఉండాలి. సీసీటీవీ రికార్డింగు చాలా అపార్ట్‌మెంట్లలో కొద్ది రోజులకే దానంతటదే చెరిగిపోతుంది. ఆ రోజే పెన్‌డ్రైవ్‌లోకి తీయించుకోండి. కేసు దాకా వెళ్తే ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జత చేయాల్సి ఉంటుంది కాబట్టి ఎవరు, ఎప్పుడు, ఏ మెషిన్ నుంచి కాపీ తీశారో రాసి పెట్టుకోండి.

పెయింటు పడ్డప్పుడు అక్కడి పనివాళ్లు మంచి మనసుతోనే థిన్నర్ గుడ్డతో తుడిచేస్తామంటారు. వద్దని చెప్పండి. థిన్నర్ కారు పైపూతను కూడా తినేస్తుంది. తుంపరలు పడిన కారును డీటెయిలింగ్ షాపులో క్లే బార్‌తో, రబ్బింగ్, పాలిష్‌తో చాలావరకు బాగు చేయొచ్చు. థిన్నర్ తగిలిన ప్యానెల్‌కు మాత్రం మళ్లీ పెయింటు కొట్టాల్సి రావచ్చు. సిమెంటు నీళ్లు పడితే ఆరేలోపు ఫొటో తీసి, రుద్దకుండా ధారాళంగా నీళ్లు పోయడం మేలు. ఆరిన సిమెంటును గీకితే గీతలు పడతాయి.

అదే రోజు కాంట్రాక్టరుకు, అసోసియేషన్ సెక్రటరీకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. కోపం లేకుండా, విషయం మాత్రమే:

"నమస్తే అండీ. ఈ రోజు ఉదయం మీ మనుషులు A బ్లాకు బయటి గోడకు రంగు వేస్తుండగా మా కారు బానెట్, పైకప్పు, కుడి తలుపుల మీద పెయింటు పడింది. ఫొటోలు జత చేస్తున్నాను. రేపు ఎస్టిమేట్ తీసుకుని పంపుతాను. అప్పటిదాకా ఎవరూ కారు తుడవొద్దని మీ వాళ్లకు చెప్పగలరు."

దీనికి "సరే సర్, చూసుకుందాం" అని జవాబు వస్తే అదే పెద్ద సాక్ష్యం. ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా చివరికి ఒక రాత ఉండాలి.

దారులన్నీ ఒక చోట

| దారి | ఎప్పుడు సరిపోతుంది | మీకయ్యే ఖర్చు | బలహీనత |
|---|---|---|---|
| కాంట్రాక్టరుతో నేరుగా | చిన్న, మధ్యరకం నష్టం | దాదాపు ఏమీ ఉండదు | అతను సైటు వదిలితే పట్టు పోతుంది |
| బిల్లులో ఆపించడం | అసోసియేషన్ లేదా మీరే ఇచ్చిన పని | ఏమీ ఉండదు | అసోసియేషన్ ఒప్పుకోవాలి |
| సొంత బీమా | పెద్ద నష్టం, కారు వెంటనే కావాలి | తరుగుదల కోత, మినహాయింపు, బోనస్ నష్టం | చిన్న బిల్లుకు గిట్టదు |
| కాంట్రాక్టరు బీమా | పెద్ద బిల్డర్లు, పెద్ద పనులు | తక్కువ | చిన్న మేస్త్రీలకు ఉండదు |
| లోక్ అదాలత్ | నష్టం ఒప్పుకుని మొత్తం దగ్గర బేరమాడేవాళ్లు | ఫీజు లేదు | అవతలివాళ్లు ఒప్పుకోవాలి |
| వినియోగదారుల కమిషన్ | మీరు డబ్బిచ్చి చేయించుకున్న పని | తక్కువ | సమయం పడుతుంది, అందరికీ వర్తించదు |
| సివిల్ దావా | పెద్ద నష్టం, బీమా లేదు, మాట వినరు | కోర్టు ఫీజు, లాయరు ఫీజు | ఏళ్లు పట్టొచ్చు |

కాంట్రాక్టరుతో నేరుగా మాట్లాడుకోవడం

పాలిష్‌తోనో ఒకటి రెండు ప్యానెళ్ల పెయింటుతోనో పోయే నష్టానికి ఇదే ముందు చూడాల్సిన దారి. పని జరుగుతున్న రోజుల్లో కాంట్రాక్టరుకు మీ బిల్డింగులో మంచిపేరు కావాలి. పక్క టవరు పని కూడా అతనికే రావొచ్చు. ఆ అవసరం ఉన్నప్పుడే మాట తేల్చుకోవాలి.

అతను తరచుగా "మా తెలిసిన షెడ్డులో చేయించి ఇస్తాం" అంటాడు. చిన్న గీతలకైతే ఒప్పుకోవచ్చు. కారు వారంటీలో ఉన్నా, మెటాలిక్ రంగైనా, రెండు మూడు ప్యానెళ్లు పోయినా డబ్బు తీసుకుని మీకు నమ్మకమున్న చోట చేయించుకోవడం మంచిది. రంగు తేడా రావడం, లోపల పుట్టీ మందంగా పెట్టడం లాంటివి కారు అమ్మేటప్పుడు బయటపడతాయి. అప్పుడు ఎవరినీ అడగలేం.

డబ్బు యూపీఐలో తీసుకుని, ఒక కాగితం మీద రెండు సంతకాలు పెట్టించుకోండి. ఏ కారు, ఏ తేదీ, ఏ నష్టం, ఎంత మొత్తం అన్నవి ఉంటే చాలు. "ఇక ఎలాంటి బాకీ లేదు" అనే వాక్యం మాత్రం రిపేరు పూర్తయ్యాకే రాయాలి. డాష్‌బోర్డు విప్పాక లోపలి దెబ్బ కనిపించడం, అద్దం తీశాక ఫ్రేము వంగిందని తేలడం మామూలే. ముందే రాసిచ్చేస్తే ఆ తర్వాతి ఖర్చు మీదే అవుతుంది. అంతేకాక అలా పూర్తిగా రాసిచ్చాక బీమా కంపెనీకి వెళితే వాళ్లు కాదనడానికి మీరే ఆధారం ఇచ్చినట్టు. కంపెనీ మీకు డబ్బిచ్చాక కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకునే హక్కు దానికి వస్తుంది. ఆ హక్కును మీరు ముందే వదిలేశారన్నది వాళ్ల వాదన.

ఒక విషయం మనసులో పెట్టుకుని నడవాలి. కూలీ పని చేసే కుర్రాడి ఫోను లాక్కోవడం, బండి తాళాలు పట్టుకోవడం కొన్నిచోట్ల జరుగుతోంది. అది తప్పు, పైగా మీమీదే ఫిర్యాదు పడే పని. పని చేయించేది, లాభం తీసుకునేది, చట్టం ముందు బాధ్యుడు కాంట్రాక్టరు. పనివాళ్ల తప్పుకు జవాబు చెప్పాల్సింది అతనే. మాట్లాడేటప్పుడు "ఇది వాళ్ల కూలీలో కోయకండి" అని స్పష్టంగా చెప్పండి. రోజు కూలి మీద బతికే మనిషికి మీ బానెట్ ఖరీదు ఒక నెల తిండి.

అసోసియేషన్ బిల్లులో ఆపించడం

చిన్న, మధ్యరకం నష్టాలకు నా అభిప్రాయంలో ఇదే అన్నిటికంటే మంచి దారి. చాలామంది దీన్ని గుర్తించరు. రంగులు, వాటర్‌ప్రూఫింగు, లిఫ్టు మార్పు లాంటి పనుల్లో చివరి వాయిదా పని పూర్తయ్యాకే ఇస్తారు. ఒప్పందం ప్రకారం బిల్లులో కొంత శాతాన్ని రిటెన్షన్ పేరుతో కొంతకాలం పట్టి ఉంచుతారు కూడా. మీ నష్టం తేలేదాకా ఆ మేరకు ఆపమని కమిటీని రాతపూర్వకంగా అడగండి. ఎస్టిమేట్, ఫొటోలు జత చేయండి. ఇంకా ఎవరి కార్లు దెబ్బతిన్నాయో కనుక్కుని అందరూ కలిసి ఒకే ఉత్తరం ఇస్తే కమిటీ తేలిగ్గా తీసుకోదు.

ఒప్పందంలో "ఆస్తి నష్టం కాంట్రాక్టరు భరించాలి" అనే మాట ఉంటే సమస్యే లేదు. లేకపోతే కమిటీ, కాంట్రాక్టరు, మీరు ముగ్గురూ కూర్చుని ఇంత మొత్తం బిల్లులోంచి తగ్గించడానికి ఒప్పుకున్నామని రాసుకుంటే సరిపోతుంది.

ఎదురయ్యే వాదన ఒకటే. "కార్లు తీయమని గ్రూపులో ముందే మెసేజ్ పెట్టాం." అది నిజమైతే మీ వాటా తప్పు కొంత ఉందని అనొచ్చు, మొత్తం కొంచెం తగ్గొచ్చు. అంతమాత్రాన వల కట్టకుండా, టార్పాలిన్ కప్పకుండా పని చేసినవాళ్ల బాధ్యత పోదు. మీకు కేటాయించిన స్లాటులోనే కారు ఉందా, మెసేజ్ ఎప్పుడు పెట్టారు, వేరే చోటు చూపించారా అన్నవి అడగండి.

సొంత బీమా: లెక్క వేసుకుని దిగండి

ఇక్కడ కాస్త ఓపిగ్గా అంకెలు చూడాలి. నాలుగు రకాలుగా మీ డబ్బు తగ్గుతుంది.

తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన మొత్తం, మొదటిది. 1500 సీసీ వరకు కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. రెండోది విడిభాగాల తరుగుదల. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీలకు 50 శాతం కోస్తారు, ఫైబర్ భాగాలకు 30 శాతం, అద్దానికి కోత లేదు. లోహ భాగాలకు కారు వయసును బట్టి కోత ఉంటుంది. నాలుగు నుంచి అయిదేళ్ల మధ్య కారుకు 35 శాతం, అయిదు నుంచి పదేళ్ల మధ్య 40 శాతం. మూడోది పెయింటు. మొత్తం పెయింటింగ్ బిల్లులో 25 శాతాన్ని రంగు ఖరీదుగా లెక్కేసి అందులో సగం తీసేస్తారు. జీరో డిప్రిసియేషన్ ఉంటే ఈ రెండో, మూడో కోతలు పోతాయి.

నాలుగోది నో క్లెయిమ్ బోనస్. చాలామంది మరిచిపోయేది ఇదే. క్లెయిమ్ లేని ఏడాదులను బట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20, 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడి మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి.

ఒక ఉదాహరణ వేద్దాం. నాలుగున్నరేళ్ల చిన్న కారు, జీరో డిప్రిసియేషన్ లేదు. పరంజా గొట్టం పడింది. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవి.

| భాగం | బిల్లు (రూ.) | కోత (రూ.) | బీమా ఇచ్చేది (రూ.) |
|---|---|---|---|
| ముందు అద్దం | 11,000 | 0 | 11,000 |
| బానెట్ | 9,000 | 3,150 | 5,850 |
| ప్లాస్టిక్ భాగాలు | 6,000 | 3,000 | 3,000 |
| డెంటింగ్, బిగింపు కూలి | 10,000 | 0 | 10,000 |
| పెయింటింగ్ | 16,000 | 2,000 | 14,000 |
| తప్పనిసరి మినహాయింపు | | 1,000 | −1,000 |
| మొత్తం | 52,000 | 9,150 | 42,850 |

ఇక బోనస్ నష్టం. తగ్గింపు లేని ఓన్ డ్యామేజ్ ప్రీమియం 14,000 అనుకుందాం. వచ్చే రెన్యువల్‌కు 50 శాతం రావాల్సి ఉంది. క్లెయిమ్ చేస్తే వరుసగా 0, 20, 25, 35, 45 శాతం మాత్రమే వస్తుంది. ఏడాదికేడాది తేడా కలిపితే 125 శాతం, అంటే అయిదేళ్లలో 17,500 రూపాయలు. కారు పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే అవుతుంది.

52,000 బిల్లుకు బీమా 42,850 ఇస్తే, బోనస్ నష్టం తీసేసినా పాతిక వేలు మిగులుతాయి. క్లెయిమ్ చేయడమే సరైనది. అదే కారు మీద పెయింటు తుంపరలు పడి రెండు ప్యానెళ్ల పెయింటింగ్‌కు 8,000 బిల్లు అయిందనుకోండి. రంగు కోత వెయ్యి, మినహాయింపు వెయ్యి పోగా చేతికొచ్చేది 6,000. దానికోసం 17,500 వదులుకున్నట్టు. ఆ కారుకు ఇరవై వేల రూపాయలకు అటూ ఇటూగా ఉంది గీత. కొత్తగా కారు కొని ఇంకా బోనస్ మొదలుకానివారికి ఇదే లెక్కలో నష్టం 7,000 దాకానే ఉంటుంది, గీత బాగా కిందికి దిగుతుంది. బోనస్ కాపాడే యాడ్ఆన్ ఉంటే ఇంకా దిగుతుంది.

నిర్ణయం తేలకపోయినా కంపెనీకి సమాచారం వెంటనే ఇవ్వండి. ఆలస్యంగా చెప్పారన్న మాట పడకుండా ఉంటుంది. కాంట్రాక్టరు డబ్బిస్తే, కంపెనీ చెల్లించకముందు క్లెయిమ్ వెనక్కి తీసుకునే వీలు సాధారణంగా ఉంటుంది. నష్టం అంచనా వేసే సర్వేయరు చూసేదాకా మాత్రం రిపేరు మొదలుపెట్టొద్దు.

బీమా తీసుకున్నంత మాత్రాన కాంట్రాక్టరు తప్పించుకున్నట్టు కాదు. ఒకే నష్టానికి రెండుచోట్ల తీసుకోకూడదు, అంతే. బీమా ఇవ్వని భాగం మీ సొంత నష్టం. పై ఉదాహరణలో కోతలు 9,150, బోనస్ 17,500 కలిపి 26,650. దాన్ని కాంట్రాక్టరును అడగడం న్యాయం. కంపెనీకి ఆ సంగతి ఈమెయిల్లో చెప్పి అడగండి. యాభై వేలు ఇవ్వలేని కాంట్రాక్టరు కూడా ఇరవై వేలకు ఒప్పుకుంటాడు. పెద్ద నష్టాల్లో నేను చెప్పే సలహా ఈ కలయికే.

కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు వాళ్ల గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో తేలకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, ఏడాది లోపు బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది.

కాంట్రాక్టరు బీమా, అతని వాహనం బీమా

పెద్ద బిల్డర్లు, ఫ్లైఓవర్లు కట్టే కంపెనీలు కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అనే పాలసీ తీసుకుంటాయి. అందులో బయటివాళ్ల ఆస్తికి జరిగిన నష్టానికి కూడా ఒక భాగం ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదించే బదులు సైటు ప్రాజెక్ట్ మేనేజరుకు ఈమెయిల్ పెట్టి, "మీ పాలసీలో థర్డ్ పార్టీ నష్టం కింద నమోదు చేయండి" అని అడగండి. ఆ మాట వాడితే విషయం సరైన టేబుల్ మీదికి చేరుతుంది. లేబర్ కాంట్రాక్టర్లకు, పెయింటింగ్ మేస్త్రీలకు ఈ పాలసీ ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు.

టిప్పరో, కాంక్రీట్ మిక్సరో గుద్దితే మోటారు వాహనాల చట్టం వర్తిస్తుంది. ఆ వాహనం థర్డ్ పార్టీ పాలసీ నుంచి ఆస్తి నష్టం అడగొచ్చు. మామూలుగా ఈ కవరేజీ పరిమితి 7.5 లక్షల రూపాయలు. ప్రీమియం తగ్గించుకోవడానికి కొందరు దాన్ని 6,000కు కుదించుకుంటారు, అది చూసుకోవాలి. ఎఫ్‌ఐఆర్, వాహనం నంబరు, పాలసీ వివరాలు కావాలి. మోటారు ప్రమాద క్లెయిముల ట్రైబ్యునల్‌కు ఆరు నెలల లోపు దరఖాస్తు చేయాలని చట్టం చెబుతోంది. మీరు ఉండే ఊరిలోని ట్రైబ్యునల్‌లోనే వేయొచ్చు. చిన్న సొట్టకు ఈ దారి బరువు. కారు ఒక పక్కంతా నుజ్జయిన సందర్భానికి, మీకు సొంత డ్యామేజ్ కవరేజీ లేకపోతే, ఇదే ముఖ్యమైన దారి.

లోక్ అదాలత్

నష్టం జరిగిందని ఒప్పుకుంటూనే డబ్బు దగ్గర సాగదీసే కాంట్రాక్టరు మీద ఇది బాగా పనిచేస్తుంది. కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టొచ్చు. ఫీజు లేదు. వాళ్లు అవతలి పక్షానికి నోటీసు పంపుతారు. ఇద్దరూ ఒప్పుకుంటే ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. డబ్బు కట్టకపోతే కోర్టు ద్వారా అమలు చేయించుకోవచ్చు. అతను రాకపోతే, ఒప్పుకోకపోతే మాత్రం అక్కడితో ఆగిపోతుంది. వివరాలకు 15100 హెల్ప్‌లైన్ ఉంది.

వినియోగదారుల కమిషన్, సివిల్ కోర్టు, పోలీసులు

మీరు డబ్బిచ్చి పిలిచిన కాంట్రాక్టరైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని ఫిర్యాదు చేయొచ్చు. అసోసియేషన్ పెట్టుకున్న కాంట్రాక్టరైనా, ఆ సేవ మీకోసమే కాబట్టి లబ్ధిదారుగా మీకు వాదన ఉంది. పక్కింటి కాంట్రాక్టరు విషయంలో మీరు వినియోగదారుగా లెక్కకు రారు, అక్కడ ఈ తలుపు తట్టి కాలం పోగొట్టుకోవద్దు. గడువు రెండేళ్లు. పనికి చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చూడండి.

పక్క ప్లాటు ఓనరు, అతని కాంట్రాక్టరు ఇద్దరూ మొండికేస్తే మిగిలేది లీగల్ నోటీసు, ఆపై సివిల్ దావా. గడువు మూడేళ్లు. విడిగా కాంట్రాక్టు ఇచ్చిన ఓనరు సాధారణంగా కాంట్రాక్టరు తప్పుకు బాధ్యుడు కాడు. కానీ ప్రమాదకరమైన పని, వల కట్టించని నిర్లక్ష్యం లాంటి చోట్ల ఆ రక్షణ నిలవకపోవచ్చు. నోటీసు ఇద్దరికీ పంపండి. ఇంటి ఓనరుకు నోటీసు అందితే కాంట్రాక్టరు మీద ఒత్తిడి ఆయనే తెస్తారు. పదిహేను వేల నష్టానికి మాత్రం దావా దాకా వెళ్లమని నేను చెప్పను.

పోలీసుల సంగతి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 కింద ఆస్తి ధ్వంసం నేరం కావాలంటే కావాలని చేసి ఉండాలి, లేదా నష్టం జరుగుతుందని తెలిసి చేసి ఉండాలి. చేయి జారి డబ్బా పడటం అందులోకి రాదు. అందుకే స్టేషన్‌లో "ఇది సివిల్ మేటర్" అంటారు. చాలాసార్లు అది నిజమే. అయినా రాసిచ్చి రసీదు తీసుకుంటే తేదీకి, సంఘటనకు ఒక ఆధారం దొరుకుతుంది. వాహనం గుద్దినా, మనిషికి గాయమైనా ఎఫ్‌ఐఆర్ కోసం పట్టుపట్టాల్సిందే.

ఎవరికి ఏది

అసోసియేషన్ పెయింటింగ్, పది పదిహేను వేల లోపు నష్టం: కమిటీకి ఉత్తరం, బిల్లులో ఆపించడం. బీమా జోలికి వెళ్లొద్దు.

రోజూ ఆఫీసుకు కారే దిక్కు, నష్టం యాభై వేలు: ఆ రోజే బీమా, ఆపై కోతలు, బోనస్ నష్టం కాంట్రాక్టరు దగ్గర.

పాత కారు, థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే: నేరుగా మాటలు, వారంలో తేలకపోతే లోక్ అదాలత్ దరఖాస్తు. పెద్ద నష్టమైతే నోటీసు.

సొంత ఇంటి ఇంటీరియర్ పనివాళ్లు గ్యారేజీలో కారు గీకేశారు: చివరి చెల్లింపు మీ చేతిలోనే ఉంది. ఎస్టిమేట్ చూపించి, రాసుకుని తగ్గించండి. గొడవైతే వినియోగదారుల కమిషన్.

రోడ్డు, డ్రైనేజీ, కేబుల్ పనుల కాంట్రాక్టరు: అతనెవరో తెలుసుకోవడమే ఇక్కడ సగం పని. బోర్డు ఉంటే ఫొటో తీయండి. లేకపోతే మున్సిపల్ కార్పొరేషన్‌కు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి కాంట్రాక్టరు పేరు, ఒప్పందం కాపీ, అందులో బయటివాళ్ల నష్టం గురించి ఏం రాశారో అడగండి. జవాబుకు 30 రోజుల గడువు. ఈలోగా తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 ప్రకారం రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఇంత కాలం పడుతుంది కాబట్టి, సొంత డ్యామేజ్ కవరేజీ ఉన్నవాళ్లు నష్టం తమ గీత దాటితే ముందు బీమాతో కారు బాగు చేయించుకుని, మిగిలిన డబ్బు కోసం ఈ కాగితాలు నడిపించడం మంచిది.